ఉయెనో పార్కులో శుక్రవారం

స్టోరు తాళాన్ని ఎవరూ పగలగొట్టలేదు, తాళంచెవితోనే తీశారు. పోలీసుల కాగితాల్లో ఈ ముక్క లేదు. వాళ్ళు వచ్చేసరికి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, లోపల రాజేశం శవం ఉంది, గుమ్మం దగ్గర మా క్యాంపు కూలీ హన్మాండ్లు తల బాదుకుంటూ ఏడుస్తున్నాడు. ఏడ్చేవాణ్ణి పట్టుకుపోవడం ఏ దేశంలోనైనా సులువే. పదకొండేళ్ళు నేనూ ఆ ఉద్యోగమే చేశాను కాబట్టి నాకు తెలుసు.

నా పేరు జలంధర్. కోరుట్ల ఠాణాలో హెడ్ కానిస్టేబుల్‌గా ఉండి, సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌తో పడక రాజీనామా మొహాన కొట్టి, డెబ్బై నాలుగులో ఖతర్ వచ్చి పడ్డాను. ఇక్కడ టైమ్‌కీపర్‌ని. ఎవడు ఎన్నింటికి డ్యూటీ ఎక్కాడు, ఎన్నింటికి దిగాడు అని రాసుకునే మనిషిని. మాకు పని ఇచ్చిన జపాన్ కంపెనీకి ఒక పద్ధతి ఉంది. సైట్ మీద ప్రాణం పోతే, ఆ వేళకు కంపెనీ మనుషులు ఎవరెక్కడున్నారో టైమ్‌కీపర్ ఒక్కొక్కరినీ అడిగి రాసి, సంతకాలు తీసుకుని టోక్యోకు పంపాలి. దాన్ని టైమ్ స్టేట్‌మెంట్ అంటారు. ఆ కాగితమే లేకపోతే నన్ను ఏ ఇంజనీరూ గుమ్మం తొక్కనివ్వడు.

సోమవారం పొద్దున తొమ్మిదీ పదికి, దోహాకు దూరంగా ఉత్తరపు కొసనున్న మా అల్ రువైస్ సైట్ స్టోరులో అడుగుపెట్టాను. మూడు రోజుల కిందట, నవంబర్ పదిహేడు శుక్రవారం, క్యాంపుకు సెలవు. సగం మంది దోహాకు పోయారు. మూడున్నరకు రాజేశం వంటశాలలో నీళ్ళు తాగి వెళ్ళాడు, వంటవాడు చూశాడు. అయిదుకు హన్మాండ్లు శవాన్ని చూశాడు. తల వెనక ఒకటే దెబ్బ. గురువారం నాడు ఈ ఇద్దరూ వంట వంతు దగ్గర గొంతులు చించుకున్నారని నలుగురు చెప్పారు, పోలీసులకు అది చాలింది. మంగళవారం పొద్దున ఏడింటికి హన్మాండ్లు చేత ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేయిస్తారు. వాడికి ఇంతవరకు అరబ్బీలో వచ్చిన మాటలు రెండే, యల్లా అంటే పద, ఫులూస్ అంటే డబ్బు. ఆ రెంటితో తల కాపాడుకోలేడు. నాకు మిగిలింది ఇరవై రెండు గంటలు.

ముందు తాళం సంగతి. ఈ స్టోరుకు తాళంచెవులు రెండే. ఒకటి స్టోరు హెల్పర్ రాజేశం దగ్గర, రెండోది మెటీరియల్ ఇంజనీరు సుధాకరరావు దగ్గర. రాజేశం తన తాళంచెవిని మొలతాడుకు కట్టుకునేవాడు, మా జగిత్యాల వైపు మగవాళ్ళకు ఇది మామూలే. తలుపు తాళం గుండె ఎత్తున ఉంటుంది. మొలకు కట్టుకున్న తాళంచెవితో దాన్ని తీయాలంటే ముడి విప్పాల్సిందే. ఆస్పత్రిలో శవాన్ని కడిగేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. ముడి గట్టిగా బిగుసుకుని ఉంది, తాళంచెవి లుంగీ మడత కిందే ఉంది. అంటే ఆ రోజు తలుపు తెరిచింది రెండో తాళంచెవి.

తర్వాత స్లింగులు. క్రేన్‌తో బరువులెత్తే ఉక్కు తాళ్ళను స్లింగులంటారు. అవి పదహారు గోడకు వేలాడుతున్నాయి. ప్రతి దానికీ పరీక్ష నంబరు కొట్టిన రేకు బిళ్ళ, సన్నటి ఇనుప తీగతో కట్టి ఉంటుంది. పది బిళ్ళల తీగలు తుప్పు పట్టి ఎర్రగా ఉన్నాయి. ఆరింటివి తళతళలాడుతున్నాయి. సముద్రం పక్కనున్న రువైస్‌లో ఉప్పు గాలికి కొత్త తీగ వారం తిరక్కుండా ఎర్రబడుతుంది. కింద ఇసుకలో వేలితో గీరితే తెగ్గొట్టిన తీగ ముక్కలు దొరికాయి, కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. ఎవరో పాసయిన తాళ్ళ బిళ్ళలు విప్పి, ఫెయిలయిన ఆరు తాళ్ళకు కట్టి, మంచివాటిని అమ్ముకోవడానికి తప్పించారు. అది కూడా ఈ నాలుగైదు రోజుల్లోనే.

గురువారం సాయంత్రం రాజేశం నాకు ఒక మాట చెప్పాడు. నేను అప్పుడు హాజరు పట్టీలో తల దూర్చుకుని ఉన్నాను. "అన్నా, ఆ ఆరు తాళ్ళు లారీలో దోహాకు పోవాల్సినయి, ఇంకా ఈడనే ఉన్నయి. గవి తెగితే కింద మనోళ్ళే ఉంటరు. ఇంజనీరు సాబ్ జపాన్ నుంచి రానీ, మొకం మీదనే అడుగుత" అన్నాడు. సరేలే అన్నాను. ఆ సరేలే అన్నందుకు మూడు రోజులుగా నాకు అన్నం సహించడం లేదు.

తొమ్మిదీ నలభైకి బయట కారు ఆగింది. రఫీయుద్దీన్ దిగాడు. ప్రభుత్వ ఆఫీసుల్లో, ఠాణాల్లో కంపెనీ పనులు చక్కబెట్టే మనిషి అతనే. హైదరాబాద్ వాడు, అరబ్బీ గలగలా మాట్లాడతాడు. మా అందరి పాస్‌పోర్టులు అతని బీరువాలోనే ఉంటాయి. హన్మాండ్లు వాంగ్మూలానికి దుబాసీగా కూర్చున్నదీ అతనే.

"క్యా జలంధర్ భాయ్, స్టోరు చూస్తున్నవా, మ్యూజియం చూస్తున్నవా? అంత సేపు?"

స్టేట్‌మెంట్ పూర్తి కాలేదన్నాను. ఇంకా ఎవరు మిగిలారని అడిగాడు. సుధాకరరావు సార్ అని చెప్పాను. అతను నవ్వాడు. సారు మూడు వారాల ట్రైనింగ్‌కి టోక్యో వెళ్ళారని, నిన్న, ఆదివారం పొద్దున వచ్చారని, శుక్రవారం నాడు ప్రపంచానికి అవతలి కొసన ఉన్నారని, పిల్లవాడినడిగినా చెబుతాడని అన్నాడు. అయితే ఆయన పాస్‌పోర్టు ఒకసారి చూపించమన్నాను. అందులో రాకపోకల ముద్రలుంటాయి, నా అనుమానం ఒక్క నిమిషంలో తీరిపోతుంది.

"ఇమ్మిగ్రేషన్‌ల ఉన్నది. వీసా రెన్యువల్. పది దినాలు మాఫీ, దొరకదు."

"నిన్ననే దిగిన మనిషి పాస్‌పోర్ట్ నిన్ననే రెన్యువల్‌కు పోయిందా?"

"నీకు నేను హిసాబ్ చెప్పాల్నా?" అతని నవ్వు పోయింది. "నువ్వు టైమ్ రాసేటోనివి. పోలీసోనివి కాదు."

ఇక్కడ నేను చేసిన తప్పు నేనే చెప్పుకోవాలి. నాకు కోపం వస్తే నోరు నా మాట వినదు, కోరుట్లలో ఉద్యోగం పోయిందీ దానివల్లే. ఆదివారం దోహా ఠాణాలో హన్మాండ్లును పది నిమిషాలు చూడనిచ్చారు. శుక్రవారం నాలుగుంబావుకు వాడు రేవులో చేపలు కొనుక్కుని వస్తుంటే స్టోరు వెనక కంపెనీ పికప్పు ఉందట. టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు వంగి ఏదో ఎక్కిస్తున్నాడట. వెనక నుంచి చూశాడు, జపాన్ సాబేమో అనుకుని ఊరుకున్నాడు. ఈ సంగతి రఫీయుద్దీన్ అరబ్బీలో చెప్పిన వాంగ్మూలంలో లేదు, ఆ రోజు ఠాణాలో ఉర్దూ వచ్చిన జవాను ఒకడు చదివి చెప్పాడు. అదంతా నేను అతని మొహం మీదే అనేశాను. వాడు చూసింది ఎందుకు చెప్పలేదని నిలదీశాను.

రఫీయుద్దీన్ జేబులోంచి సిగరెట్ పెట్టె తీసి నాకూ ఒకటి ఇచ్చాడు. అంతలో మనిషి మారిపోయాడు. గొంతు మెత్తబడింది. తాను చెప్పాననీ, రాసుకున్నవాడే రాయలేదనీ అన్నాడు. హన్మాండ్లు మీద తనకేం కక్ష అని అడిగాడు. చివరికి బేరం పెట్టాడు. నేను టైమ్ స్టేట్‌మెంట్ ఇవాళ సాయంత్రంలోగా పూర్తి చేసి సంతకం పెడితే, కేసు ఇంకా రాయలేదు కాబట్టి, కంపెనీ పూచీకత్తు మీద హన్మాండ్లును ఇవాళే బయటికి తెస్తాడట. వేలిముద్ర గండం తప్పుతుందట.

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు పట్టుకునే రకాన్ని నేను ఠాణాలో వందమందిని చూశాను. అయినా ఒప్పుకున్నాను. ఊళ్ళో హన్మాండ్లు భార్య గంగామణి నాకు వరసకు చెల్లెలు. మొగుణ్ణి దుబాయ్ పంపుతున్నానని ఊరంతా చెప్పుకున్న పిల్ల, మా ఊళ్ళో గల్ఫు ఏదైనా దుబాయే. వాడు ముందు ఆ గదిలోంచి బయటపడితే చాలు, మిగతాది తర్వాత చూసుకోవచ్చుననిపించింది.

మధ్యాహ్నం ఒకటిన్నరకు దోహాలో, అల్ మన్సూరా పేటలో సుధాకరరావు ఫ్లాటు తలుపు తట్టాను. ఆయన భార్య కమలాదేవి తీసింది. ఇంజనీరుగారు సోఫాలో కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ మడత చెదరని లాల్చీ, బందరు మాట తీరు. నన్ను కూర్చోమనలేదు. స్టేట్‌మెంట్ కాగితం చూపించాక, పోనీలే అన్నట్టు కుర్చీ వైపు చెయ్యి ఊపారు.

శుక్రవారం ఎక్కడున్నారని అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా భార్యను ఆల్బమ్ తెమ్మన్నారు. నేను రాకముందే ఆల్బమ్ బల్ల మీద ఉండి ఉంటే నాకు అనుమానం పెరిగేది. ఆమె లోపలికి వెళ్ళి, బీరువా తెరిచి, వెతికి మరీ తెచ్చింది.

"టోక్యోలో ఉయెనో అని ఒక పార్కుంది" అంటూ మొదలుపెట్టారు. "పార్కంటే మన సముద్రపొడ్డు కార్నిష్‌లో నాలుగు బెంచీలనుకునేవు. గుళ్ళు, గోపురాలు, చెరువు, జంతుప్రదర్శనశాల, మూడు నాలుగు మ్యూజియాలు, అన్నీ ఒక్కచోటే. శుక్రవారం పగలంతా అక్కడే ఉన్నాను."

"డ్యూటీ లేకుండెనా సార్ ఆ రోజు? ట్రైనింగ్?"

"శుక్రవారం నాడు డ్యూటీ ఏమిటయ్యా? టైమ్‌కీపర్‌వి, నీకు నేను చెప్పాలా?" అని నవ్వారు. కమలాదేవి కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు సిగ్గేసింది. నిజమే, ఏమిటీ పిచ్చి ప్రశ్న అనుకుని కాగితం మీద 'సెలవు' అని రాసుకున్నాను.

టైములు అడిగాను. తడుముకోకుండా చెప్పారు. పదీ పదికి స్టేషన్‌లో దిగారు. మెట్ల పైన కుక్కను పట్టుకున్న సైన్యాధికారి విగ్రహం. పదిన్నరకు కొండ వాలున చెక్కతో కట్టిన గుడి, పిల్లలు లేనివాళ్ళు మొక్కుకుని, కోరిక తీరాక బొమ్మలు తెచ్చి పెడతారట. పదకొండున్నరకు చెరువు మధ్య గుడి. ఒంటిగంటకు ఇంకో గుడి, దారికి రెండు వైపులా మనిషెత్తు రాతి దీపస్తంభాలు. రెండు నుంచి నాలుగు దాకా పెద్ద మ్యూజియం. ప్రతి చోటా ఒక ఫోటో, సాయంత్రమే కడిగించుకుని రాత్రి విమానం ఎక్కారట. ప్రతి ఫోటోలో మెడలో కెమెరా సంచీతో ఆయనే.

నేను తేలిగ్గా నమ్మే రకం కాదు. చెప్పులు ఎక్కడ విడిచారని అడిగాను. ఎవరో చెప్పగా విన్నవాడైతే మన గుడి లెక్కన గేటు దగ్గరే అంటాడు. ఆయన అలా అనలేదు. దీపాల గుడిలో ఎవరూ బయట చెప్పులు విడవరనీ, గేటు పక్కన తొట్టిలో చెక్క గరిటెతో నీళ్ళు తీసుకుని చేతులూ నోరూ కడుక్కుంటారనీ, దేవుడి ముందు రెండుసార్లు వంగి రెండుసార్లు చప్పట్లు కొట్టి మళ్ళీ వంగుతారనీ చెప్పారు. మొదట తనకు నవ్వొచ్చిందని, తర్వాత తానూ కొట్టానని అన్నారు. చూడని మనిషి ఇలా చెప్పలేడు. చెరువులో తామరలు ఉన్నాయా అన్నాను. ఆకులన్నీ ఎండి వంగిపోయి ఉన్నాయన్నారు. ఫోటోలో అలాగే ఉన్నాయి.

"ఆ చెరువు గుడిలో అమ్మవారు ఎవరో తెలుసా?" అంది కమలాదేవి. "మన సరస్వతేనట. చేతిలో వీణ లాంటిదే ఉంటుందట."

బాసర అమ్మవారి ముందు అక్షరాలు దిద్దినవాణ్ణి నేను. నాకు తెలియకుండానే ఆ ఫోటోకు చేతులు జోడించాను. సుధాకరరావు అది గమనించారు. "చూశావా, అంత దూరంలో కూడా మన తల్లే" అన్నారు, ఈసారి మెత్తగా.

మిగతా ఫోటోలు తిప్పాను. ఎక్కడ చూసినా జనమే. భుజాల మీద పిల్లల్ని ఎక్కించుకున్న తండ్రులు, పాండాను చూడడానికి బారులు తీరిన కుటుంబాలు, గడ్డి మీద డబ్బాలు విప్పుకుని తింటున్నవాళ్ళు. ఇంత రద్దీయా అన్నాను. "సెలవు రోజు కదా, ఊరు ఊరంతా పిల్లల్ని వేసుకుని అక్కడే ఉంది" అన్నారు. శుక్రవారాల్లో మా దోహా బీచ్ కళ్ళ ముందు కదిలింది. తల ఊపాను.

లెక్క వేసుకున్నాను. టోక్యో మనకన్నా ఆరు గంటలు ముందు. అక్కడ సాయంత్రం నాలుగంటే ఇక్కడ పొద్దున పది. ఆ పదింటి నుంచి రాజేశం చనిపోయిన వేళకు మహా అయితే ఏడు గంటలు. ఎంత గొప్ప విమానమైనా బొంబాయి మీదుగా దోహా చేరడానికి ఒక రాత్రీ ఒక పగలూ పడుతుంది. మనిషి శుక్రవారం ఉయెనోలో ఉంటే, అదే శుక్రవారం రువైస్‌లో ఉండలేడు. తాళంచెవి సంగతి అడిగాను. ఆఫీసు డ్రాయరులో పెట్టి వెళ్ళాననీ, ఎవరైనా తీసి ఉండొచ్చనీ చెప్పి, నా కళ్ళలోకి చూశారు. స్టేట్‌మెంట్ మీద పెద్ద సంతకం చేశారు. కింద నేనూ సరిచూశానని రాసి సంతకం పెట్టాను. అప్పుడు టైమ్ రెండూ ముప్పై. గుమ్మం దాటుతుంటే నాకే చిన్నతనంగా అనిపించింది, మర్యాదస్తుణ్ణి పట్టుకుని చెప్పులెక్కడ విడిచావని అడిగి వచ్చానని.

కింద రోడ్డు మీద రఫీయుద్దీన్ కారు ఇంజను ఆపకుండా ఎదురుచూస్తోంది. స్టేట్‌మెంట్ చదివాడు, భుజం తట్టాడు. సీటు మీదున్న మరో కాగితం అందించాడు. మొత్తం అరబ్బీ. పూచీకత్తు కాగితమనీ, సాక్షిగా టైమ్‌కీపర్ సంతకం కావాలనీ, ఠాణాలో మూడున్నరకు అధికారి మారిపోతాడనీ తొందరపెట్టాడు. నాకు అరబ్బీ అంకెలు తప్ప అక్షరం రాదు. నాలుగేళ్ళుగా జీతం కాగితాలూ, సెలవు కాగితాలూ, అన్నీ అతను చూపించిన చోటే సంతకం పెట్టాను. మా క్యాంపులో మూడు వందల మందీ అంతే. బానెట్ మీద కాగితం పరిచి ఇదీ అలాగే పెట్టాను. థాంక్స్ కూడా చెప్పాను.

స్టేట్‌మెంట్ టోక్యోకు పంపడానికి హెడ్డాఫీసులో, తంతి మీద అక్షరాలు పంపే టెలెక్స్ గదికి వెళ్ళేసరికి మూడూ యాభై. ఆపరేటర్ ఖాజామియా మా ఆర్మూర్ వైపు వాడే. దినమంతా ఆ మిషన్ చప్పుడులో కూర్చోవడంతో ఎదుటి మనిషి చెవిటివాడైనట్టు గట్టిగా మాట్లాడతాడు. టోక్యోలో ఇప్పుడు రాత్రి పది కావస్తోందనీ, ఎవరూ ఉండరనీ, టేపు మీద కొట్టి పెడితే పొద్దున వాళ్ళు చూసుకుంటారనీ చెప్పాడు. నేను చదువుతూ పోయాను, వాడు కొడుతూ పోయాడు. "శుక్రవారం పదిహేడు. ట్రైనింగ్‌కు సెలవు అయినందున మిస్టర్ సుధాకరరావు ఉదయం పదీ పది నుంచి..."

మిషన్ ఆగింది.

"సెలవా? ఎవనికి సెలవు?"

"టోక్యోల. శుక్రవారం గదా ఖాజా."

ఖాజామియా కుర్చీ తిప్పి నా వైపు చూశాడు. "అన్నా, వాళ్ళకు శుక్రవారం సెలవైతే నాకు శుక్రవారం డ్యూటీ ఎందుకు పడుతది?"

నాకు వెంటనే అర్థం కాలేదు. వాడే విడమరిచాడు. మూడేళ్ళుగా వాడికి శుక్రవారం అనేదే లేదు. దోహా అంతా నిద్రపోయే ఆ రోజు టోక్యో ఆఫీసు నిండుగా పనిచేస్తుంది, వార్తలు గుప్పిస్తుంది. జుమ్మా నమాజుకు పరుగెత్తుకుపోయి పరుగెత్తుకొస్తాడు. "మనసు అల్లా మీద, చెవి మిషన్ మీద. గీ పాపం ఎవని ఖాతాలకు పోతదో" అన్నాడు. వాళ్ళ సెలవు ఆదివారం. మేమంతా పనిలో ఉన్న ఆదివారం నాడు వాడొక్కడూ ఖాళీగా కూర్చుని ఈగలు తోలుకుంటాడు.

ఖతర్‌లో ఇన్నేళ్ళున్న ఏ మనిషికైనా సెలవంటే శుక్రవారమే. ఆ మాట ఆయన అంటే, నేను సిగ్గుపడ్డాను, ఆయన భార్య నవ్వింది. ముగ్గురికి ముగ్గురం గల్ఫు నీళ్ళు తాగినవాళ్ళమే, ఒక్కరికీ తట్టలేదు. భుజాల మీద పిల్లలతో ఆ తండ్రులంతా ఆఫీసులు మానుకుని శుక్రవారం పార్కుకు ఎలా వస్తారు? ఆ బడి పిల్లలకు బళ్ళు లేవా? ఆ ఫోటోలు నిజమే. నీళ్ళ తొట్టీ, చప్పట్లూ, ఎండిన తామరాకులూ, అన్నీ నిజమే. అవి ఆదివారానివి. పన్నెండో తారీఖో, అంతకు ముందుదో. తాను నిజంగా చూసిన ఆదివారాన్నే ఎత్తి శుక్రవారం మీద పెట్టాడు. సెలవు అని మనసులో అనుకోగానే నోటికి శుక్రవారమే వచ్చి ఉంటుంది. అబద్ధం ఒక్క రోజు పేరులోనే ఉంది, ఆ ఒక్క దాన్నీ సరిచూశానని నేను సంతకం పెట్టాను.

"ఖాజా, పోయిన శుక్రవారం టోక్యో నుంచి ఏమేం వచ్చినయో చూపియ్యి."

ప్రతి టెలెక్సుకూ మూడు ప్రతులు వస్తాయి. తెల్లది ఎవరికి వస్తే వారికి, గులాబీది జనరల్ మేనేజరుకు, పసుపుది మిషన్ గదికి. ఆ రోజు వచ్చినవాటిలో ఒకదాని తెల్లదీ గులాబీదీ రెండూ తానే ఇస్తానని రఫీయుద్దీన్ స్వయంగా వచ్చి పట్టుకెళ్ళాడని ఖాజామియా చెప్పాడు. సెలవు రోజు ఆ మనిషి ఆఫీసుకు రావడం వాడికి కొత్తగా అనిపించిందట. పసుపు ప్రతి సంగతి ఎవరూ అడగరు. అదొకటి ఉంటుందని కూడా చాలామందికి తెలియదు. ఫైల్లో భద్రంగా ఉంది.

టోక్యోలో మధ్యాహ్నం మూడూ ఇరవైకి కొట్టినది. రఫీయుద్దీన్ పేరుకే వచ్చింది. అతను పద్నాలుగో తేదీన కోరినట్టే మిస్టర్ రావును బుధవారం రాత్రి విమానం ఎక్కించామనీ, ఇవాళ శుక్రవారం జరిగిన ఆఖరి పరీక్షకు ఆయన లేరు కనుక సర్టిఫికెట్ ఇవ్వడం కుదరదనీ, క్షేమంగా చేరారని తలుస్తున్నామనీ మర్యాదగా రాశారు.

బుధవారం. అంటే గురువారానికి బొంబాయి, శుక్రవారం తెల్లవారేసరికి దోహా. విమానాశ్రయంలో పాస్‌పోర్టు తీసుకున్నవాడు రఫీయుద్దీన్, దాన్ని దాచినవాడు రఫీయుద్దీన్. బిళ్ళలు మార్చడానికి రెండో తాళంచెవి ఉన్న మనిషిని అంత తొందరగా పిలిపించినవాడూ అతనే. ఇద్దరూ ఒకే తాటి మీద నడుస్తున్నారు. ఆ టోపీ మనిషిని చూసిన కళ్ళు ప్రపంచంలో రెండే, అవి హన్మాండ్లువి. ఆ కళ్ళు ఏం చూశాయో పొద్దున స్టోరులో రఫీయుద్దీన్‌కు పూసగుచ్చినట్టు చెప్పింది నేనే.

ముందు అల్ మన్సూరాకు ఫోన్ చేశాను. కమలాదేవి తీసింది. సారు లేరంది. "మీరు వెళ్ళిన పావుగంటకే రఫీయుద్దీన్ గారొచ్చి తీసుకెళ్ళారండీ. రువైస్‌లో ఏదో పనుందట, రాత్రికి భోజనానికి చూడొద్దన్నారు." ఆమె గొంతులో ఏ దాపరికమూ లేదు. ఆల్బమ్ మర్చిపోయి తీసుకెళ్ళానా అని అడిగింది.

ఠాణాతో మాట్లాడడానికి నా అరబ్బీ చాలదు. ఫోన్ ఖాజామియాకు ఇచ్చాను. హన్మాండ్లును ఎవరికీ ఇవ్వొద్దని, ఇంకో గంట ఆపమని, కాగితంతో నేనే వస్తున్నానని చెప్పమన్నాను. వాడు సలాం చెప్పి గబగబా మాట్లాడాడు. తర్వాత వినడమే. మధ్యలో ఒకసారి నా వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. అంత గట్టిగా మాట్లాడే మనిషి ఫోన్ పెట్టేసి, నాకు వినపడీ వినపడనట్టు అన్నాడు.

"ఇచ్చేసిండ్రట అన్నా. మూడూ ముప్పై అయిదుకు."

"రఫీయుద్దీన్‌కేనా?"

"రఫీయుద్దీన్ పేరే లేదట. ఆయన ఉత్తగ తోడు వచ్చిండట. కాగితంల నీ పేరున్నది. హన్మాండ్లును నువ్వే తీస్కపోతున్నవని, రేపు ఏడింటికి మల్ల తెచ్చి అప్పజెప్పే పూచీ నీదేనని రాసున్నదట. కింద నీ సంతకం. వాడు రాకుంటే నిన్నే అడుగుతమన్నరు."

గోడ గడియారం నాలుగూ ఇరవై అయిదు చూపిస్తోంది. కారు రువైస్ దారిలో ముప్పావుగంట దూరం పోయి ఉంటుంది. అందులో ముందు సీట్లలో ఆ ఇద్దరూ, వెనక హన్మాండ్లు. బయటికి తీసుకొచ్చారన్న సంతోషంలో వాడు దారి పొడుగునా వాళ్ళకు దండాలు పెడుతూ ఉంటాడు. వాడి సంగతి నాకు తెలుసు. ఠాణా కాగితాల ప్రకారం మాత్రం ఆ నిమిషాన హన్మాండ్లు నా దగ్గరే ఉన్నాడు.